బీరు కెటిల్‌కు ఇంట్లోనే వడపోత జల్లెడ: తయారీ నుంచి తొలి బ్రూ వరకు

అమెరికాలో ఇంట్లో బీరు కాచుకునే తెలుగు మిత్రులు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. కెటిల్‌లో, అంటే మరిగించే పెద్ద పాత్రలో, వర్ట్ (మొలకెత్తించిన ధాన్యం నుంచి తీసిన, బీరుగా పులియబోయే తీపి ద్రవం) మరిగి, చల్లారి, ఇక పులియబెట్టే పాత్రలోకి దించుదామని వాల్వు తిప్పితే, రెండు లీటర్లు కారగానే ధార సన్నబడి ఆగిపోతోంది, దీనికి ఏం చేయాలి అని. హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పువ్వులు) పిప్పి వాల్వు మూతిలో చేరి, చెరువు తూముకు గడ్డి అడ్డం పడినట్టు బిగుసుకుపోవడమే దీనికి కారణం. వాల్వుకు లోపలివైపు ఒక జల్లెడ గొట్టం అమరిస్తే ఈ చిక్కు తీరుతుంది. దాన్ని నీళ్ల హీటరు గొట్టంతో ఒక మధ్యాహ్నంలో తయారు చేసుకునే పద్ధతి ఇది.

ముందుగా చట్టం సంగతి. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం ఇంటి వాడకానికి ఏడాదికి ఒక వయోజనుడున్న ఇంట్లో 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది ఉన్న ఇంట్లో 200 గ్యాలన్ల వరకు బీరు కాచుకోవచ్చు, కానీ అమ్మకూడదు. రాష్ట్రాల నిబంధనలు వేరుగా ఉంటాయి కనుక వాటినీ చూసుకోవాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తయారు చేయడం నేరం కాబట్టి, అక్కడి పాఠకులు దీన్ని చదివి ఊరుకోవడమే మంచిది.

## 1. మొదలుపెట్టే ముందు తేల్చుకోవలసినవి

జల్లెడ రంధ్రాలు ఎంత సన్నగా ఉంటే వడపోత అంత బాగుంటుందని చాలామంది అనుకుంటారు. విఫలమైన జల్లెడల్లో ఎక్కువ భాగం ఈ అపోహ వల్ల పాడైనవే. నిజానికి వడపోత పనిలో ఎక్కువ భాగం చేసేది జల్లెడ మీద పేరుకునే హాప్స్ పొర. జల్లెడ ఆ పొరకు ఆధారంగా నిలిస్తే చాలు. కనుక రంధ్రం సన్నదనం కంటే జల్లెడ మొత్తం వైశాల్యం, ద్రవం దిగే నిదానం ముఖ్యం.

హాప్స్ ఏ రూపంలో వాడుతున్నారన్నది రెండో సంగతి. ఎండిన పువ్వులు మరిగినా విడిపోకుండా రేకులుగా మిగిలి, జల్లెడ మీద వదులైన పరుపులా పరుచుకుంటాయి. మరుగులో విరిగిన మాంసకృత్తుల తరకలను ఆ పరుపే పట్టి ఉంచుతుంది. గుళికలు అలా కాదు. అవి పొడిని నొక్కి చేసినవి, వర్ట్‌లో పడగానే ఉబ్బి బురదగా మారతాయి. ఆకు టీని వడకట్టే జల్లెడకు డస్ట్ టీ ఎంత ఇబ్బందో, ఈ జల్లెడకు గుళికలు అంతే ఇబ్బంది.

అందుచేత పువ్వులు వాడేవారికి ఈ జల్లెడ ఒక్కటే సరిపోతుంది. గుళికలు వాడేవారు వాటిని సన్నని నైలాన్ సంచిలో వేసి మరిగించాలి, లేదా 8వ మెట్టులో చెప్పిన సుడి పద్ధతిని తప్పకుండా పాటించాలి. అయిదు గ్యాలన్ల బ్యాచ్‌లో 50 గ్రాములకు మించి గుళికలు వేసేటట్లయితే నేను సంచి లేకుండా మొదలుపెట్టను.

ఇక్కడి కొలతలు 10 గ్యాలన్ల, అంటే సుమారు 38 లీటర్ల కెటిల్‌కు సంబంధించినవి. లోపలి వ్యాసం 35 సెంటీమీటర్లని, అర అంగుళం బాల్ వాల్వు ముందే అమర్చి ఉందని, దాని ఫిట్టింగుకు కెటిల్ లోపలివైపు అర అంగుళం ఎన్‌పీటీ (అమెరికాలో పైపులకు వాడే మరల కొలత) మరలు ఉన్నాయని అనుకుంటున్నాను.

## 2. సామగ్రి

కొనవలసినవి:

- స్టెయిన్‌లెస్ స్టీలు తీగ అల్లిక ఉన్న, 24 అంగుళాల నీళ్ల హీటరు గొట్టం ఒకటి (కొత్తది)
- బయటి వ్యాసం అర అంగుళం ఉన్న మెత్తని రాగి గొట్టం, 30 సెంటీమీటర్లు
- ఒకవైపు అర అంగుళం ఎన్‌పీటీ మరలు, మరోవైపు ఆ రాగి గొట్టానికి సరిపోయే కంప్రెషన్ నట్టు (బిగించినప్పుడు గొట్టాన్ని చుట్టూ నొక్కి పట్టేది) ఉన్న ఫిట్టింగ్
- లోపలి వ్యాసం అర అంగుళం, బయటి వ్యాసం ముప్పావు అంగుళం ఉన్న సిలికోన్ గొట్టం, 4 సెంటీమీటర్ల ముక్క
- 12 గేజి గట్టి రాగి తీగ, ఒకటిన్నర మీటరు (పైనున్న ప్లాస్టిక్ తొడుగు పూర్తిగా ఒలిచివేయాలి)
- పూర్తిగా స్టెయిన్‌లెస్‌తో చేసిన హోస్ క్లాంపులు రెండు
- పీటీఎఫ్‌ఈ టేపు (మరల మీద చుట్టే టెఫ్లాన్ టేపు)

చేతికి అందుబాటులో ఉండవలసినవి: ఇనుము కోసే రంపం, రేకు కత్తెర, పట్టకార్లు రెండు, సుత్తి, సన్న ఆకురాయి, గొట్టం వంచే స్ప్రింగు, అర అంగుళం లావున్న కర్ర, మందపాటి చేతి తొడుగులు, కళ్లద్దాలు. చేతి తొడుగులు లేకుండా ఈ పనికి దిగవద్దు. తెగిన స్టీలు తీగ కొనలు సూదుల్లా గుచ్చుకుంటాయి, గుచ్చుకున్నాక కంటికి కనిపించవు కూడా.

గొట్టం కొనేటప్పుడు దుకాణంలోనే ఒక పరీక్ష చేయాలి. చూడటానికి స్టీలులా మెరిసే అల్లికలు కొన్ని నిజానికి బూడిదరంగు ప్లాస్టిక్ పోగులు. చీటీ మీద స్టెయిన్‌లెస్ స్టీలు అని స్పష్టంగా ఉందో లేదో చదవండి, గోటితో గీకి చూడండి. అయస్కాంతాన్ని నమ్ముకోవద్దు. 304 రకం స్టెయిన్‌లెస్ అయస్కాంతానికి సాధారణంగా అంటుకోదు కనుక, అంటుకోనంత మాత్రాన అది ప్లాస్టిక్ అని తేల్చలేము.

వాడకూడనివి: జింకు పూత పూసిన జాలి, కిటికీలకు వాడే దోమల వల, సీసం కలిసిన టంకం, ఇంతకుముందు నీళ్ల పైపుకు బిగించి ఉన్న పాత గొట్టం. వర్ట్ కొద్దిగా ఆమ్ల గుణం కలది, దాని పీహెచ్ సుమారు 5.2 నుంచి 5.5 వరకు ఉంటుంది. పైగా గంటసేపు మరుగుతుంది. ఆ వేడిలో జింకు కరిగి వర్ట్‌లోకి దిగుతుంది.

## 3. గొట్టంలోంచి అల్లికను వేరు చేయడం

గొట్టం రెండు కొసల్లో, లోహపు బిగింపుకు ఒక సెంటీమీటరు ఇవతల, చుట్టూ గట్టి టేపును రెండు మూడు చుట్లు చుట్టండి. ఆ టేపు మధ్యలోనే రంపంతో కోయాలి. టేపు లేకుండా కోస్తే పోగులు విడిపోయి కొస చీపురుకట్టలా తయారవుతుంది, మళ్లీ దగ్గరికి రాదు.

రెండు కొసలూ తెగాక టేపు ఊడదీయండి. లోపలి రబ్బరు గొట్టం కొసను పట్టకారుతో పట్టుకుని, రెండో చేత్తో పై అల్లికను వెనక్కి నెట్టండి. నెట్టినప్పుడు అల్లిక కుంచించుకుని వెడల్పవుతుంది, లోపలి గొట్టం సులువుగా జారి వస్తుంది. అల్లికను పట్టుకుని లాగితే మాత్రం నాడా బిగించిన సంచి మూతిలా అది ఇంకా బిగుసుకుంటుంది. ఎంత బలంగా లాగితే అంత మొండికేస్తుంది. ఈ ఒక్క సంగతి తెలియక అరగంట పెనుగులాడి గొట్టాన్ని మూలన పారేసినవాళ్లున్నారు.

ఇప్పుడు చేతిలో సుమారు 55 సెంటీమీటర్ల పొడవు, 2 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న మెత్తని స్టీలు గొట్టం మిగులుతుంది. కొసల మడతలు, బిగింపులు పోను పనికొచ్చేది 48 సెంటీమీటర్లు అనుకున్నా, వైశాల్యం సుమారు 300 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. 15 సెంటీమీటర్ల పొడవు, ఒకటింపావు సెంటీమీటరు వ్యాసం ఉన్న పొట్టి జల్లెడకైతే 60 కూడా రాదు. ఒకే ధారకు ప్రతి రంధ్రం మీద పడే లాగుడు అయిదో వంతుకు తగ్గుతుందన్నమాట.

## 4. లోపలి ఆధారం: రాగి చుట్ట

అల్లికను ఒట్టిగా వదిలేస్తే మడ్డి బరువుకు, వాల్వు లాగుడుకు చప్పిడిగా అణిగిపోతుంది. అందుకే లోపల చుట్ట కావాలి.

ఒలిచిన రాగి తీగను అర అంగుళం కర్ర చుట్టూ, చుట్టుకూ చుట్టుకూ మధ్య 2 సెంటీమీటర్ల ఎడం ఉండేలా చుట్టండి. సుమారు 24 చుట్లు పడతాయి. చుట్టను కర్ర నుంచి తీసి, తీగ కొనలు రెండింటినీ లోపలికి వంచండి. బయటికి ఉంటే అల్లికను చీల్చుకుని వస్తాయి.

చుట్టను అల్లికలోకి దూర్చేటప్పుడు కూడా అల్లికను కుంచింపజేస్తూ ఎక్కించాలి. ఒక కొసలో 4 సెంటీమీటర్లు, రెండో కొసలో 3 సెంటీమీటర్లు చుట్ట లేకుండా ఖాళీగా వదలండి. అంతా అయ్యాక అల్లికను పొడవుగా సాగదీసి సర్దవద్దు. సాగిన కొద్దీ పోగులు ఒకదానికొకటి దగ్గరై రంధ్రాలు మూసుకుపోతాయి. అల్లికకు కొంచెం వదులు ఉన్నప్పుడే ద్రవం బాగా దిగుతుంది.

## 5. కొస మూయడం

3 సెంటీమీటర్లు ఖాళీగా వదిలిన కొసను సుత్తితో చదును చేసి, ఒకటిన్నర సెంటీమీటరు దగ్గర మడిచి, మళ్లీ కొట్టండి. దాని మీదుగా హోస్ క్లాంపు ఒకటి బిగించండి. మడతలోంచి బయటికి పొడుచుకొచ్చిన పోగులను రేకు కత్తెరతో కత్తిరించి, ఆకురాయితో మొద్దు చేయాలి. వర్ట్‌ను చల్లార్చడానికి వాడే రాగి గొట్టపు చుట్టను (ఇది జల్లెడ లోపలి చుట్ట కాదు, వేరేది) కెటిల్‌లోకి దించేటప్పుడు గుచ్చుకునేది ఇక్కడే.

## 6. కింది దాకా దిగే రాగి గొట్టం

చాలామంది జల్లెడను నేరుగా వాల్వు ఎత్తులోనే బిగించి, కెటిల్ అడుగున వర్ట్ మిగిలిపోతోందని బాధపడతారు. 35 సెంటీమీటర్ల వ్యాసమున్న కెటిల్‌లో ఒక్కో సెంటీమీటరు లోతుకు సుమారు 0.96 లీటరు పడుతుంది. వాల్వు రంధ్రం నడిమి అడుగు నుంచి 4 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే దాదాపు 4 లీటర్లు, అంటే 19 లీటర్ల బ్యాచ్‌లో అయిదో వంతు, కెటిల్‌లోనే ఉండిపోతుంది.

గొట్టం మూతి అడుగు దాకా దిగితే, ద్రవం వాల్వు మట్టం కంటే కిందికి పోయాక కూడా సైఫన్ పనిచేస్తూనే ఉంటుంది. దీనికి షరతు ఒక్కటే. మూతికి, వాల్వుకు మధ్య ఎక్కడా గాలి చొరబడకూడదు.

వంపు ఇలా ఇవ్వాలి:

1. రాగి గొట్టం లోపలికి స్ప్రింగు దూర్చి, కొస నుంచి సుమారు 5 సెంటీమీటర్ల తరువాత, చేత్తో నిదానంగా 90 డిగ్రీలు వంచండి. వంపు గుండ్రంగా ఉండాలి. గొట్టం నొక్కుకుపోతే ఆ ముక్కను వదిలేసి మరొకటి తీసుకోండి.

2. వంచిన గొట్టాన్ని ఫిట్టింగులో వదులుగా పెట్టి, రెండో కాలు, అంటే వంపు తరువాతి భాగం, కెటిల్ గోడ వైపు పక్కకు తిరిగేలా, కిందికి సుమారు 20 డిగ్రీలు వాలేలా తిప్పండి. ఎనిమిది సెంటీమీటర్ల కాలు ఆ వాలుతో రెండున్నర సెంటీమీటర్లకు పైగా కిందికి దిగుతుంది.

3. చివరి 4 సెంటీమీటర్లను అడుగుకు సమాంతరంగా వచ్చేలా పైకి కొద్దిగా వంచి, మిగిలింది కోసేయండి. కోసిన అంచును లోపలా బయటా ఆకురాయితో నున్నగా రుద్దండి.

4. రాగి మూతి మధ్యభాగం అడుగుకు ఒక సెంటీమీటరు ఎత్తులో ఉందో లేదో చూసుకోండి. అలా ఉంటే అల్లిక అడుగును తాకీ తాకకుండా ఉంటుంది.

కెటిల్‌లో విద్యుత్ హీటర్ ఉంటే, గొట్టం గానీ అల్లిక గానీ దానికి 3 సెంటీమీటర్ల కంటే దగ్గరగా రాకుండా వంపు దిశను ముందే నిర్ణయించుకోవాలి.

## 7. బిగింపు, శుభ్రత, నీళ్ల పరీక్ష

సిలికోన్ ముక్కను రాగి మూతి మీదికి తొడగండి. అర అంగుళం గొట్టం అలా ముప్పావు అంగుళం లావవుతుంది, అల్లిక ముడతలు పడకుండా దాని మీద కూర్చుంటుంది. అల్లికను కుంచింపజేస్తూ మూడు సెంటీమీటర్లు ఎక్కించి, రెండో క్లాంపు బిగించండి. సిలికోన్ మరుగు వేడిని తట్టుకుంటుంది. ఆ స్థానంలో మామూలు పారదర్శక ప్లాస్టిక్ గొట్టం వాడితే తొలి మరుగుకే మెత్తబడి జారిపోతుంది.

ఫిట్టింగు మరలకు పీటీఎఫ్‌ఈ టేపు నాలుగు చుట్లు చుట్టి బిగించండి. కంప్రెషన్ నట్టుకు టేపు అక్కర్లేదు. చేత్తో బిగిసినంత బిగించి, ఆపైన రెంచీతో దాదాపు ముప్పావు చుట్టు తిప్పితే చాలు. ప్రతి బ్రూ తరువాత విప్పదీసేదీ ఈ నట్టునే.

కెటిల్‌లో పెట్టాక, అల్లికను గోడకు రెండు మూడు సెంటీమీటర్ల ఎడంగా, అర్ధ వలయంలా వంచండి. లోపలి రాగి చుట్ట మెత్తనిది కాబట్టి ఇచ్చిన ఆకారాన్ని నిలుపుకుంటుంది. కెటిల్ నడిమి మాత్రం ఖాళీగా ఉండాలి. ఎందుకో తరువాతి మెట్టులో తెలుస్తుంది.

శుభ్రత: కొత్త అల్లికకు కర్మాగారపు నూనె అంటి ఉంటుంది. పాత్రల సబ్బు కలిపిన వేడినీళ్లలో బ్రష్షుతో రుద్ది, తరువాత సోడియం పెర్కార్బొనేట్ కలిపిన వేడినీళ్లలో అరగంట నానబెట్టి కడగండి. ఫిట్టింగు ఇత్తడిదైతే దాని పై పొరలో సీసం జాడలుండవచ్చు. రెండు వంతుల తెల్ల వెనిగర్, ఒక వంతు 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపిన ద్రవంలో ఆ ఫిట్టింగును ముంచి, వెన్నరంగులోకి రాగానే తీసేయాలి. పదిహేను నిమిషాలకు మించి ఉంచకూడదు. స్టెయిన్‌లెస్‌కు బ్లీచు ఎన్నడూ తగలనివ్వద్దు, అందులోని క్లోరిన్ లోహంలో గుంటలు చేస్తుంది.

నీళ్ల పరీక్ష:

- పది లీటర్ల నీళ్లు పోసి పావుగంట ఉంచాను, బయట ఎక్కడా చుక్క రాలేదు
- వాల్వు తెరిస్తే ధారలో బుడగలు లేవు (బుడగలు వస్తుంటే కంప్రెషన్ నట్టు దగ్గర గాలి చొరబడుతోంది)
- నీటిమట్టం వాల్వు కంటే దిగువకు వెళ్లాక కూడా ధార ఆగలేదు
- ధార ఆగిపోయాక కెటిల్‌ను వంచి మిగిలిన నీటిని కొలిచాను, లీటరున్నరకు మించలేదు
- ఆ అంకెను కెటిల్ మీద రాసుకున్నాను

ఆ చివరి అంకె ప్రతి బ్రూకూ పనికొస్తుంది. మరుగు ముందు ఎన్ని లీటర్లు ఉండాలో లెక్కగట్టేటప్పుడు దాన్ని కలుపుకోవాలి.

## 8. తొలి బ్రూ రోజున

జల్లెడ కెటిల్‌లోనే మరుగుతుంది కాబట్టి దాన్ని వేరుగా శుద్ధి చేయనక్కర్లేదు. వాల్వు లోపలి భాగానికి మాత్రం ఆ వేడి సరిగా చేరదు. మరుగు ముగియడానికి పది నిమిషాల ముందు అర లీటరు మరుగుతున్న వర్ట్‌ను వాల్వు గుండా లోహపు చెంబులోకి నిదానంగా పట్టి, తిరిగి కెటిల్‌లో పోయండి. చేతికి తొడుగు ఉండాలి.

చల్లార్చే రాగి చుట్టను చివరి పదిహేను నిమిషాల్లో దించుతారు కదా, దాన్ని అల్లిక మీద కూర్చోబెట్టవద్దు. చుట్టకు రాగి తీగతో పై అంచుకు తగిలించుకునే కొక్కేలు రెండు చేసుకుంటే అడుగుకు అయిదారు సెంటీమీటర్ల పైనే వేలాడుతుంది.

వర్ట్ చల్లారాక చుట్టను తీసేసి, శుద్ధి చేసిన పొడవాటి గరిటెతో ఒకే దిశలో రెండు నిమిషాలు తిప్పి సుడి లేపండి. మూత పెట్టి 15 నుంచి 20 నిమిషాలు కదపకుండా వదిలేయండి. గ్లాసులో టీ తిప్పినప్పుడు పొడి నడిమికి చేరినట్టే, మడ్డి అంతా కెటిల్ నడుమ కుప్పగా దిగుతుంది. అల్లికను గోడ పక్కన పెట్టమన్నది అందుకే. అల్లిక వల్ల సుడి వేగం కొంత తగ్గే మాట నిజమే గాని, కుప్ప పడడానికి అది అడ్డు కాదు.

వాల్వును పావు వంతు మాత్రమే తెరవండి. మొదట వచ్చే అర లీటరు మడ్డిగా ఉంటే శుద్ధి చేసిన పాత్రలో పట్టి, గరిటె మీదుగా సుడి చెదరకుండా తిరిగి పోయండి. ధార తేటపడ్డాక పులియబెట్టే పాత్రలోకి మళ్లించండి. తొందరపడి వాల్వును పూర్తిగా తెరిస్తే లాగుడు పెరిగి, వదులుగా ఉన్న హాప్స్ పొర జల్లెడకు అతుక్కుని గట్టిపడుతుంది. 19 లీటర్లు దిగడానికి ఇరవై నిమిషాలు పట్టినా పరవాలేదు.

## 9. చిక్కులు, పరిష్కారాలు

ధార మధ్యలో ఆగిపోయింది. వాల్వు మూసి రెండు నిమిషాలు ఆగండి, లాగుడు పోయి పొర కొంత వదులవుతుంది. అప్పటికీ రాకపోతే, వాల్వు నుంచి పులియబెట్టే పాత్రకు వేసిన, వర్ట్ నిండి ఉన్న బయటి గొట్టం కొసను వేలితో మూసి కెటిల్ మట్టం కంటే పైకెత్తి, వాల్వు తెరిచి వేలు తీయండి. గొట్టంలోని ద్రవం వెనక్కి దిగుతూ పొరను కదిలిస్తుంది. ఆ వేలికి శుద్ధి చేసిన తొడుగు ఉండాలి. నోటితో ఊదడం మాత్రం ఎప్పుడూ వద్దు, చల్లారిన వర్ట్‌లోకి నోటిలోని సూక్ష్మజీవులు చేరితే బ్యాచ్ పుల్లబడిపోతుంది.

అయినా కదలలేదు. శుద్ధి చేసిన గరిటె వెనకవైపుతో అల్లిక పైభాగాన్ని మెల్లగా గీరండి. మడ్డి కొంత కిందికి పోతుంది, పరవాలేదు. కొద్దిపాటి మడ్డి పులియబెట్టే పాత్రలోకి వెళ్లినంత మాత్రాన బీరు పాడవదు.

నాలుగు లీటర్లు మిగిలిపోతున్నాయి. సైఫన్ తెగుతోంది. సిలికోన్ ముక్క మీది క్లాంపును, కంప్రెషన్ నట్టును మళ్లీ చూడండి. రెండూ బాగుంటే రాగి గొట్టం వంపు పైకి లేచి ఉంటుంది.

అల్లిక మీద గోధుమరంగు మరకలు. ఇనుప పీచుతో రుద్దినవారికి ఇవి కనిపిస్తాయి. ఇనుము రేణువులు అంటుకుని తుప్పు పడతాయి. ఆక్సాలిక్ ఆమ్లం ఉన్న శుభ్రపరిచే పొడితో మెత్తని గుడ్డ వాడి తుడిచి, బాగా కడగండి.

రాగి మెరిసిపోతోంది, భయపడాలా? అక్కర్లేదు. ఆమ్ల గుణమున్న వర్ట్ రాగి మీది మసక పొరను తీసేస్తుంది. భయపడవలసింది ఆకుపచ్చ పూత కనిపించినప్పుడు. దాన్ని వెనిగర్‌తో పూర్తిగా తుడిచేయకుండా వాడకూడదు.

## 10. వాడిన తరువాత

కెటిల్ ఖాళీ అయిన వెంటనే నట్టు విప్పి జల్లెడను బయటికి తీయండి. హాప్స్ జిగురు ఆరితే అల్లిక పోగుల మధ్య లక్కలా గట్టిపడుతుంది, మర్నాడు దాన్ని వదిలించడం గంట పని. కొళాయి కింద పట్టి, అల్లికను అటూ ఇటూ కుంచింపజేస్తూ సాగదీస్తూ కడిగితే పోగుల మధ్య ఇరుక్కున్న రేకులు బయటపడతాయి.

మూడు నాలుగు బ్రూలకు ఒకసారి మూసిన కొస క్లాంపు కూడా విప్పి, రాగి చుట్టను బయటికి తీసి చూడండి. అక్కడ పాత మడ్డి దాగి ఉంటుంది. మళ్లీ బిగించే ముందు వెలుతురుకు ఎదురుగా పట్టి, తెగిన పోగులున్నాయేమో వెతకండి. ఒకటి రెండు తెగితే కత్తిరించి వాడుకోవచ్చు. ఒకే చోట అయిదారు తెగి రంధ్రం వెడల్పయితే మాత్రం కొత్త హీటరు గొట్టం కొనుక్కుని 3వ మెట్టు నుంచి మొదలుపెట్టాలి. రాగి గొట్టం, ఫిట్టింగు, క్లాంపులు పాతవే సరిపోతాయి.